ఒంటికన్ను దొర పూర్వకథ

విమానాల చప్పుడు మీద నాకు ఫిర్యాదు లేదు. ఆ చప్పుడు విన్నవాళ్ల మర్యాద మీదే. నేను శంషాబాద్‌లో గది తీసుకునేసరికి కొత్త విమానాశ్రయం వచ్చి రెండేళ్లయి ఉంటుంది. ఫోన్‌లో మాట్లాడుతుంటే నెత్తిమీద నుంచి విమానం పోయేది. అవతల మా అత్తయ్య వెంటనే గొంతు మార్చి, "అయ్యో, ప్రయాణంలో ఉన్నావా నాన్నా, జాగ్రత్తగా వెళ్లిరా" అని పెట్టేసేది. నేను చెప్పాలనుకున్నది నాలోనే ఉండిపోయేది. మళ్లీ వారం మళ్లీ అంతే. ఆవిడ లెక్కలో నేను సగం ప్రపంచం చుట్టి వచ్చినవాణ్ని. నిజానికి నేను తిరిగింది గదికీ గగన్‌పహాడ్‌కీ మధ్య, షేర్ ఆటోలో, డ్రైవరు పక్కన సగం సీటు మీద.

గగన్‌పహాడ్‌లో అట్టపెట్టెల గోడౌన్ పైన మా ఆఫీసు ఉండేది. కంప్యూటర్‌లో ఆడుకునే ఆటలు తయారుచేసే కంపెనీ. తయారైన ఆట ఒక్కటే. అది కూడా ఇంకా తయారవుతూనే ఉండేది. నేను చదివింది ఎం.ఏ. తెలుగు. తెలుగు చదివినవాడికి అక్కడేం పని అని మీకు సందేహం రావచ్చు. నేను చేరినరోజు అక్కడి ప్రోగ్రామర్లకూ అదే సందేహం వచ్చింది.

ఆ ఆటలో ఒక కుర్రవాడు గెంతుతూ, దారిలో దీపాలు ఏరుకుంటూ, కోటదాకా పోయి అక్కడ కాపలా తిరిగే ఒంటికన్ను దొరను కొట్టి చంపాలి. అంతే కథ. పై దేశాల్లో ఇలాంటి ఆటలతోపాటు బొమ్మల కథల పుస్తకాలు కూడా వేస్తారనీ, అవి హీరో గురించి కాక విలన్ గురించి ఉంటాయనీ, వాడు ఎలా చెడిపోయాడో చెబుతాయనీ మా ఎండీగారు ఎక్కడో విన్నారు. సీడీతోపాటు అలాంటి పుస్తకం ఇస్తే పిల్లలు ఎగబడతారని ఆయన నమ్మకం.

"మనకిదేం కొత్త కాదయ్యా," అన్నారు నాతో. "పురాణాల్లో ప్రతి రాక్షసుడికీ వెనకాల ఒక శాపం ఉంటుంది. నువ్వా శాపం ఏదో రాసిపెట్టు, చాలు."

ఆయనదీ మాదీ ఒకటే జిల్లా. చేరేటప్పుడు నేను మధ్యలో వదిలిపోనని బాండు ఏమైనా రాయాలా అని అడిగితే నొచ్చుకున్నారు. "మనలో మనకి బాండేమిటయ్యా! సంతకాలు పరాయివాళ్లకి. నువ్వు ఊరికే నీ ఒరిజినల్ సర్టిఫికెట్లు నా దగ్గర పెట్టు." పదో తరగతి నుంచి ఎం.ఏ. దాకా అన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పెళ్లిలో తాంబూలం ఇచ్చినట్టు రెండు చేతులతో అందించాను. ఆయన వాటిని తన వెనకున్న స్టీలు బీరువాలో పెట్టి, తాళంచెవి జేబులో వేసుకుని కాఫీ తెప్పించారు. కాఫీ బాగుంది.

బొమ్మలు గీసే అమ్మాయి కందుకూరు దిక్కున్న పల్లెలో వ్యవసాయం చేసుకునేవాళ్ల బిడ్డ. బొమ్మలు నేర్పే కాలేజీలో చదివింది. బుద్వేల్‌లో అక్క ఇంట్లో ఉంటూ ఆఫీసుకు వచ్చేది. మొదటిరోజు నేను "ఏమండీ" అని పిలిస్తే కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంది.

"గట్ల పిల్వకు అన్నా. సిన్మలల్ల పెండ్లాం మొగుణ్ని పిల్చినట్టున్నది."

"మరేమని పిలవమంటారు?"

"పిల్వనే పిల్వకు. ఎదురుంగనే కూసున్న గద. జర చెయ్యెత్తు, చాలు."

అక్కడున్నన్నాళ్లూ చెయ్యెత్తాను.

కథ మొదలుపెట్టాక అసలు సంగతి తెలిసింది. ఆటలో దొరకు నల్లటి అంగరఖా, ఒక కన్ను, కోట గడప ఉన్నాయి. ఆ గడప ముందు అటు కొంచెం, ఇటు కొంచెం నడుస్తాడు. గడప దాటడం ప్రోగ్రామర్లు ఆయనకు నేర్పలేదు. పూర్వకథలో నేను ఆయన్ని ఎక్కడికైనా పంపవచ్చు, పెళ్లి చేయవచ్చు, సముద్రం చూపించవచ్చు. చివరి పేజీకల్లా తెచ్చి ఆ గడప ముందు నిలబెట్టాలి. పూర్వకథ రాసేవాడికి ముందు జరిగినదాని మీద ఎంత స్వేచ్ఛయినా ఉంటుంది. తరవాత జరగబోయేది మాత్రం పక్క గదిలో ఎవరో అప్పటికే ఖాయం చేసి ఉంటారు.

శాపమేదీ నాకు తట్టలేదు. దాని బదులు ఆయన్ని ఆ కోటలోనూ కోటకొచ్చే దారిలోనూ దీపాలు వెలిగించే మనిషిని చేశాను. కోటలోవాళ్లు కరువుకు ఒక్కొక్కరే వెళ్లిపోతారు. వెళ్లేవాళ్లందరూ "మేం తిరిగొచ్చేదాకా దీపాలు ఆరనివ్వకు" అని చెప్పి పోతారు. ఈయన సరేనంటాడు. నూనె చింది ఒక కన్ను పోతుంది. ఎవరూ తిరిగి రారు. దారినపోయేవాళ్లు ఆ ఖాళీ కోటలో ఒంటికన్ను మనిషిని చూసి దొర అని పేరు పెడతారు. ఒక పుస్తకం చాలక రాసిన మూడు పుస్తకాలూ అలా నడిచాయి. ఆ అమ్మాయి దొర నడకను ఎంత బాగా గీసిందంటే, నేను మధ్యాహ్నం అన్నం తిని వరండాలో అటూ ఇటూ తిరుగుతుంటే ప్రోగ్రామర్లు నన్ను చూసి నవ్వేవాళ్లు.

అప్పుడే రాజేంద్రనగర్ వైపు ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు లెక్చరర్ ఉద్యోగం దొరికింది. నేను కావాలనుకున్న ఉద్యోగం అదొక్కటే. వచ్చే నెల మొదటి సోమవారం ఒరిజినల్స్ అన్నీ పట్టుకుని వచ్చి చేరాలి, రాకపోతే తరవాతి మనిషిని పిలుస్తామని చెప్పారు. వెళ్లి ఎండీగారికి చెప్పాను.

"వద్దన్నానా? వెళ్లు, సంతోషంగా వెళ్లు," అన్నారు ఆయన. "కానీ పెళ్లి మధ్యలో పురోహితుడు లేచి చెప్పులేసుకుంటే ఎలాగయ్యా? శనివారం పిల్లలు వస్తున్నారు. పుస్తకాలు చదివి, ఆట ఆడి, బాగుందన్నారంటే నీ పని అయినట్టే. నీ సర్టిఫికెట్ల కవరు పట్టుకుపో."

శనివారం దగ్గరి బడి నుంచి పిల్లలు వచ్చారు. మా పుస్తకాలు శ్రద్ధగా చదివారు. చదివినంతసేపూ మాట్లాడలేదు, నాకు గర్వంగా అనిపించింది. తరవాత కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. కాసేపటికి ఎండీగారు వంగి తెరలు చూడడం మొదలుపెట్టారు. పిల్లలు దీపాలు తీసుకోవడం లేదు. దీపం కనబడగానే దానికి కాలు తగలకుండా జాగ్రత్తగా పైనుంచి గెంతుతున్నారు.

"దీపాలు తీసుకోవాలమ్మా. తీసుకుంటేనే పాయింట్లు."

ఎర్ర రిబ్బన్ల పిల్ల తల తిప్పకుండా చెప్పింది. "అవి ఆయనయి సార్."

"ఎవరివి?"

"దొరయి. దినాం ఎల్గిస్తడు గద. మనం ఎత్కపోతె ఎట్ల? ఆయనకు ఉన్నదే ఒక్క కన్ను."

కోటదాకా చేరినవాళ్లు ఇంకా ఘోరం. దొర ముందు కుర్రవాణ్ని నిలబెట్టి ఊరికే చూస్తున్నారు. దొర అటు కొంచెం, ఇటు కొంచెం నడుస్తున్నాడు. ఒక పిల్లాడు కీబోర్డు అంతా వెతికి అడిగాడు: "ఈయన్ని బయటికి తీస్కపోయే బటన్ ఏది సార్?"

పిల్లల్ని బిస్కెట్లిచ్చి పంపించాక ఎండీగారు నన్ను గదిలోకి పిలిచారు.

"హీరోని దీపాల దొంగని చేశావు కదయ్యా!"

"కథ బాగుందన్నారు సార్ పిల్లలు."

"కథ బాగుండి ఆట పాడైతే ఎవరికి లాభం? విలన్‌కి పూర్వకథ రాయమంటే విలన్‌ని లేకుండా చేశావు. నాలుగో పుస్తకం రాయి. వాణ్ని మళ్లీ దుర్మార్గుణ్ని చెయ్యి. పిల్లలు చూడగానే కొట్టాలి. అది చేసి నీ కవరు తీసుకుపో."

సోమవారం దగ్గరపడుతోంది. ఒక మంచివాణ్ని చెడగొట్టడం అంత కష్టమని నేననుకోలేదు. పంటలు తగలబెట్టించాను, ఆ అమ్మాయి గీసిన మంటలు చూసి అందరూ గోడకు పెట్టుకుంటామన్నారు. మనుషుల్ని చంపిద్దామంటే పిల్లల ఆటలో రక్తం కూడదన్నారు ఎండీగారు. పన్నులు వేయించాను. పన్నులకు పిల్లలు కొట్టరట, పెద్దవాళ్లే కొట్టరట. నేను ఆయన ఎదుట కూర్చుని, ఆయన చెప్పేది వింటున్నట్టు తలాడిస్తూ, వెనక బీరువా వంక చూస్తుండగా నాకు కథ తట్టింది.

కోట చుట్టూ మళ్లీ జనం చేరతారు. ఈసారి వాళ్లు వదిలిపోకూడదని దొర ఒక ఉపాయం చేస్తాడు. ప్రతి మనిషి దగ్గరా ఏది లేకపోతే ఇంకోచోట బతకలేడో, ఆ వస్తువు తన పెట్టెలో పెట్టిస్తాడు. కమ్మరి సుత్తి. కుమ్మరి సారె. మంత్రసాని కత్తెర. పోతానన్నవాడికి "పో, ఎవరు ఆపారు" అంటాడు నవ్వుతూ. భటులు ఇంటింటికీ వెళ్లి వాటిని లాక్కుంటారని రాసి ఆ అమ్మాయికి ఇచ్చాను.

మర్నాడు బొమ్మ చూస్తే అందులో భటులు లేరు. జనం వరసలో నిలబడి ఉన్నారు. తలకు నూనె రాసి దువ్వుకున్నారు. కమ్మరి సుత్తిని శుభ్రంగా తుడిచి, రెండు చేతులతో పట్టుకుని, దొర వంక చూసి నవ్వుతున్నాడు.

చెయ్యెత్తాను. "వీళ్లెందుకు నవ్వుతున్నారు? భటులు లాక్కున్నట్టు కదా రాశాను."

"రాస్తివి. నాకు గట్ల గీయబుద్ధి కాలె. నువ్వు ఇచ్చిననాడు ఎవడన్న గుంజుకున్నడా? కాఫీ గూడ తాగినవంట."

"మీరు ఇవ్వలేదా ఏమిటి?"

"ఇచ్చిన. కలర్ జిరాక్సులు. ఆరాంఘర్ చౌరస్తల తీపిచ్చి లామినేషన్ చేపిచ్చిన, సారుకు జర ముద్దుగ కొడ్తదని."

నేను కాసేపు ఆ కమ్మరి బొమ్మ వంక చూశాను. "దొరికిపోతే?"

"ఎట్ల దొరుకుత? ఆయనేమన్న సదువుతడా వాటిని? బీర్వల పెట్టెతందుకే గద అడిగేది."

"మరి ఎప్పుడంటే అప్పుడు వెళ్లిపోవచ్చు కదా. ఎందుకున్నారు?"

"బొమ్మలు గీసుడు ఈడ ఉన్నది, ఉన్న. నువ్వు కూడ జిరాక్స్ ఇయ్యకపోయినవా?"

ఆ ఆలోచన నాకు అసలు రాలేదు. వచ్చినా చేసేవాణ్ని కాదు. మన జిల్లా పెద్దమనిషికి జిరాక్స్ ఇవ్వడం మర్యాద కాదనుకునే వంశం మాది.

బొమ్మ మార్చమని నేను అడగలేదు. ఎండీగారు పేజీలు చదువుతుంటే ఎదురుగా నిలబడ్డాను. సుత్తి ఉన్న పేజీ దగ్గర ఆగారు. ఆయన తొడమీద చరుచుకున్నారు.

"ఇదయ్యా! దుర్మార్గుడంటే వీడు! చెయ్యి చేసుకోడు, గొంతు పెంచడు. నవ్వుతూ గొంతు కోస్తాడు. ఇలాంటివాడు ఎలా తట్టాడయ్యా నీకు?"

"ఆలోచించాను సార్."

"ఈ వరస కూడా బాగుంది. క్రమశిక్షణ ఉంది."

సోమవారం ముందు శనివారం పిల్లలు మళ్లీ వచ్చారు. ఈసారి దీపాలన్నీ ఏరుకున్నారు. కోట చేరి దొరను కొట్టారు. పడిపోయాక కూడా కొట్టారు. క్రితంసారి బటన్ వెతికిన పిల్లాడు లేచి నిలబడి కొట్టాడు. ఎర్ర రిబ్బన్ల పిల్ల ఒక్కతే, దొర పడ్డాక, నాలుగో పుస్తకం చూసి ఆటలో కొత్తగా చేర్చిన పెట్టె దగ్గరకు పోయి దాన్ని తెరవడానికి చాలాసేపు ప్రయత్నించింది. పెట్టె తెరుచుకోవడం ప్రోగ్రామర్లు రాయలేదు. ఎండీగారు అదేమీ చూడలేదు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

మాట తప్పే మనిషి కాదు ఆయన. బీరువా తెరిచారు. లోపల కవర్లు చాలా ఉన్నాయి. కొన్ని ఎప్పుడో పారిపోయినవాళ్లవి. దుమ్ము పట్టి ఉన్నాయి. వాటి కింద నుంచి నాది లాగి, దులిపి ఇచ్చారు. "ఎంత భద్రంగా ఉన్నాయో చూసుకో," అన్నారు. చూసుకున్నాను. చాలా భద్రంగా ఉన్నాయి.

సోమవారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, కవరు గుండెకు ఆనించుకుని కాలేజీకి వెళ్లాను. ఆటోలో ఆ రోజు వెనక సీటు దొరికింది. కొత్తగా చేరే లెక్చరర్లందరం ఆఫీసు గది ముందు వరసలో నిలబడ్డాం. అందరి చేతుల్లోనూ కవర్లు. నా ముందున్న గణితం ఆయన తలకు నూనె రాసుకున్నాడు. లోపల గుమాస్తా ఒక్కొక్క కాగితాన్నీ కిటికీ వెలుతురుకు ఎత్తి చూసి, ముద్రను గోటితో గీకి, తృప్తిపడ్డాక పక్కనున్న ఇనుప ర్యాకులో పెడుతున్నాడు.

నా వంతు వచ్చింది. చూశాడు, గీకాడు, అన్నీ కవర్లో సర్దాడు. నేను చెయ్యి చాపాను.

"ఏంది సారు?"

"చూడటం అయింది కదా. సర్టిఫికెట్లు."

"చూసుడైంది. ఇగ ఈడ్నే ఉంటయి. విద్యాసంవత్సరం అయినంక ఇస్తరు. నడ్మల విడిచిపెట్టి పోతున్నరు అందరు, పిల్లలు పరేషాన్ అయితున్నరు."

"ఆ మాట ఇంటర్వ్యూలో ఎవరూ చెప్పలేదే."

"అడిగినవా?"

అడగలేదు. నేను వెళ్లిపోనని చెప్పాను. నాకు ఈ ఉద్యోగం ఎంత ఇష్టమో చెప్పాను. జిరాక్సులు ఇస్తాననీ, కావాలంటే రంగువే ఇస్తాననీ చెప్పాను. ఆయన వింటూనే ఉన్నాడు. కవరు ఒక కొస ఆయన చేతిలో ఉంది, ఇంకో కొస ఎప్పుడు పట్టుకున్నానో నా చేతిలో ఉంది. నా వెనక ఎవరో దగ్గారు. వరస చివర ఎవరో టైం ఎంతయిందని అడిగారు. గుమాస్తా కళ్లద్దాలు నుదుటిమీదికి తోసి నన్ను మొదటిసారి సరిగ్గా చూశాడు.

"ఇష్టం లేకుంటె తీస్కపో సారు. నిన్ను ఎవరన్న పట్టుకున్నరా?"