అక్క ఆపిన చోటు నుంచి

నిన్న సుబేదారిలో చిన్నా పెద్దా అందరినీ కూర్చోబెట్టి, "మన వరంగల్ రేపు ఎట్లుండాల్నో గీయుండ్రి" అని కాగితాలు పంచారు. రంగుల డబ్బా తెరవగానే అరవైల నాటి మా కొత్తవాడ ఇల్లు కళ్లముందుకొచ్చింది.

నా ఈడువాళ్లకు గుర్తుందా, వాకిట్లో రంగు మరిగే కాగు, దండెం మీద ఎర్రటి తడినూలు?

బడిలో మా సారు కూడా ఒకసారి ఇదే గీయమన్నాడు. మగ్గం మీద జంపఖానా మన వైపు అంచు నుంచే మొదలవుతుంది కదా, మా లచ్చక్క కాగితాన్ని కూడా కింది అంచు నుంచి వరుస వరుసగా నింపింది. ఇంటింటికీ నల్లా, నల్లా కింద నిండు బిందె. గంట కొట్టేసరికి సగమే అయింది.

"పైనంత ఖాళీ ఎందుకే?" అన్నాడు సారు.

"కింద నేయంది పైకెట్ల పోతం సార్? మిగిలింది రేపు నేస్త."

ఆ సాయంత్రమే అక్కకు జ్వరమొచ్చింది. దవాఖానకు ఎత్తుకుపోయిన పిల్ల మళ్లీ ఇల్లు చేరలేదు.

నిన్న నేను కాగితం పైసగంలోనే చెట్లూ మేడలూ ఆకాశమూ గీశాను. పక్కనున్న చిన్నపిల్ల తొంగిచూసి, "కిందంత ఇడిసిపెట్టినవేంది అమ్మమ్మా?" అంది.

"అది మా అక్క గీసింది బిడ్డా."