తిన్నగా నడిచిన మోకాలు

గోదాములో అతన్ని బొంగరం అనేవారు. వీపున బస్తాతో చెక్క పలక ఎక్కి, లారీ అంచున ఒంటికాలి మీద గిర్రున తిరిగి, బస్తాను ఎక్కడ పడాలో అక్కడే పడేసేవాడు. చూడముచ్చటగా ఉండేది. ఒకడు ఒళ్లు హూనం చేసుకుంటుంటే చూసి ముచ్చటపడటం మనకు అలవాటే.

ఒకరోజు అలా తిరుగుతుంటే పాదం పలక మీదే ఉండిపోయి, ఒళ్లు మాత్రం తిరిగింది. మోకాల్లో టప్‌మని చప్పుడైంది. సాయంత్రానికి కుండలా ఉబ్బింది.

"మోకాల్లో లిగమెంట్లుంటాయి, తాళ్లనుకో," అంది ఎముకల డాక్టరమ్మ. "లోపల రెండు, కత్తెరలా ఒకదాన్నొకటి దాటుతూ ఉంటాయి. వెనకది కింది ఎముకని వెనక్కి పోనివ్వదు. ముందుది ముందుకి జారనివ్వదు, మెలితిరగనివ్వదు. అటూ ఇటూ ఉన్న రెండూ మోకాలు పక్కకి వాలకుండా కాస్తాయి. నీకు తెగింది ముందుది. బరువు పనికి పోవాలంటే ఆపరేషన్ చెయ్యాల్సిందే."

"అప్పటిదాకా ఇంతేనా అమ్మా?"

"వాపు పోతుంది, నొప్పీ పోతుంది. తిన్నగా నడుస్తావు కూడా. నమ్మకు. బస్తాతో తిరిగావా, మోకాలు జారిపోతుంది."

ఆమె చెప్పినట్టే వాపు పోయింది, నొప్పీ పోయింది. ఆపరేషనంటే నెలల తరబడి ఇంట్లో కూర్చోవాలి. హమాలీల ముఠాలో చోటు అన్నాళ్లు ఎవడుంచుతాడు? డాక్టరమ్మ మాట ఇంట్లో కూడా పొక్కనివ్వలేదు.

దెబ్బ తగిలి తిరిగొచ్చినవాడికి ముఠాలో ఒక పరీక్ష ఉంది. బస్తా మోస్తూ కాటా దగ్గర్నుంచి గేటుదాకా కుంటకుండా నడవాలి. అక్కడ ఇద్దరు దించేస్తారు. ఆ పరీక్ష పెట్టిన మహానుభావుడెవరో గానీ, తెగిన తాడుతో పెద్దగా పనిలేని తిన్నటి నడకలో దాన్ని పరీక్షించాడు.

అతను దర్జాగా నడిచాడు. "రాయిలా ఉన్నావురా, ఎక్కు!" అన్నాడు మేస్త్రి.

తమ్ముడిదీ అదే ముఠా. అన్న పనిలోకి వచ్చాడన్న సంబరంతో పలక మీద అతని వెనకే ఎక్కాడు. "మెల్లగా అన్నయ్యా, నీ జోరు మావల్ల కాదు," అని నవ్వాడు కూడా.

అన్న లారీ అంచున తిరిగాడు. మోకాలు చటుక్కున జారింది. బస్తాతో సహా తమ్ముడి మీద పడ్డాడు, ఇద్దరూ కింద సిమెంటు నేల మీదికి వచ్చిపడ్డారు. తమ్ముడి మెడ విరిగింది. ఆసుపత్రికి చేరకముందే పోయాడు.

డాక్టరమ్మ చెప్పిన సంగతి ఎలాగో తమ్ముడి భార్య చెవిన పడింది. వచ్చి అతని మంచం ముందు నిలబడింది.

"కాలు బాలేదని ఒక్క ముక్క చెప్పుంటే ఆయన మీ వెనక ఎక్కేవారా బావగారూ?"

"నొప్పి లేదమ్మా," అన్నాడతను. "ఒట్టు. కాస్త నొప్పున్నా నేను ఎక్కేవాణ్ణే కాదు."

అది నిజమే. ఆ నిజాన్ని పట్టుకుని ఆమె ఏం చేసుకోవాలి?