చాచా కన్ను, మసీదు కుర్చీ

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కంటి దవాఖానలో నాది కంటి ప్రెషర్ చూసే పని. చుక్కల మందు ఎగ్గొట్టి, వేసుకున్నామని బొంకేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మూసారాంబాగ్ నుంచి వచ్చే చాచా మీద కూడా అలాగే మండిపడ్డాను. చిరిగిన పట్టుచీరలకు అతుకు కనపడకుండా రఫూ చేసే మనిషి ఆయన. కంట్లో ప్రెషర్ పెరిగే నీటికాసుల జబ్బుతో ఒక కన్ను అప్పటికే పోయింది. ఆ రోజు రెండో కంట్లో ప్రెషర్ బాగా ఎక్కువ చూపించింది.

"చుక్కలు ఏస్కుంటలేవు కదా చాచా?"

ఆయన జేబులోంచి సీసా తీసి చూపించాడు. అడుగున రెండు చుక్కలు మిగిలాయంతే. నాకు సిగ్గేసింది. ఎక్కడినుంచి వస్తున్నావని అడిగితే, పక్క గల్లీ మసీదులో నమాజు చేసి నేరుగా వచ్చానన్నాడు. కాసేపు కూర్చోబెట్టి మళ్ళీ చూస్తే ప్రెషర్ దిగింది.

డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. సజ్దాలో తల నేలకు ఆనించినప్పుడు కంట్లో ప్రెషర్ పెరుగుతుంది, లేచాక కాసేపటికి దిగిపోతుంది. చాలామందికి దాంతో ఇబ్బంది ఉండదు. కానీ ఈయనకు ఉన్నది ఒక్క కన్ను, అదీ బలహీనం. కుర్చీలో కూర్చుని నమాజు చేస్తే మేలు.

"బీమారున్నోళ్ళు కుర్చీల చెయ్యొచ్చు. నాకెరుకే," అన్నాడు చాచా. మొహం మాత్రం వాడిపోయింది.

నేను ఊరుకోలేక వరండాలో పట్టుకున్నాను. "ఎరుకైతే ఎందుకు చేస్తలేవు? గా కన్ను కూడ పోతే సూదిల దారం ఎట్ల ఎక్కిస్తవ్?"

"మా ఇంటామె పోయి ఆర్నెల్లాయె బేటీ. ఇంటినిండ కోడండ్లు, మనవండ్లు. ఏడ్వనీకి జాగ లేదు. సజ్దాల తల పెడితే నా మొహం ఎవ్వరికీ కనబడది. గందుకే జర ఎక్కువసేపుంట. కుర్చీల కూసుంటే అందరికీ కనబడ్తది."

ఆ రోజు నేను ఇంటికి వెళ్ళేదాకా మనసు మనసులో లేదు.

నెల తర్వాత వచ్చాడు, మసీదు నుంచి నేరుగానే. నమ్మలేక రెండుసార్లు చూశాను. ప్రెషర్ బాగా తగ్గింది.

"కుర్చీల చేస్తున్నవా చాచా?"

"చేస్తున్న. మొదటి దినమే ఏడ్పు ఆగలే. అందరు చూసిన్రు."

"మరి?"

"పక్క కుర్చీ ఆయన నమాజు అయిందాంక ఆగి, రుమాలు చేతిల పెట్టిండు. ఆయన ఇంటామె కూడ పోయిందంట, రెండేండ్లాయె. గిప్పుడు రోజు నేనొచ్చేటాల్లకే నా కుర్చీ ఆయన పక్కపొంటి ఏసి పెడ్తుండు."