విప్పకుండా ఉండలేని భీమశంకరం గారు

మా పక్కింటి భీమశంకరం గారు సైకిలు గేరు లీవరు కనిపిస్తే విప్పకుండా ఉండలేరు. అది చెడిందా లేదా అన్నది ఆయనకి అనవసరం. వట్లూరులో ఏ కాలేజీ కుర్రాడైనా బండి ఆపి టీ తాగుతుంటే, గ్లాసు కింద పెట్టేలోపు లీవరు ముక్కలై ఈయన కండువాలో ఉంటుంది.

చేసేది పౌరోహిత్యం. అరవయ్యో ఏట సెకండ్ హ్యాండులో రోడ్ బైకు కొన్నారు. వంకీ హ్యాండిలు, సన్నటి టైర్లు. బ్రేకు లీవరునే పక్కకి తోస్తే గేరు మారుతుంది. అదెలా మారుతుందో చూడాలని కొన్న రోజే విప్పేశారు. ఫోనులో వీడియోలు చూస్తూ వారానికి బిగించారు.

విప్పిన సామాను పెట్టేది నవగ్రహ పూజకి వాడే తొమ్మిది గిన్నెల పళ్ళెంలో. సూర్యుడి గిన్నెలో స్క్రూ, చంద్రుడి గిన్నెలో వాషరు, శని గిన్నెలో స్ప్రింగులు.

"శనికే ఎందుకండీ?" అనడిగాను.

"ఒక్కటి విప్పి చూడరా, నీకే తెలుస్తుంది."

ఆ స్ప్రింగులు ఎగిరి వంటింట్లో పడేవి. ఆయన భార్య సుబ్బలక్ష్మి గారు బియ్యం కడిగే ముందు అయస్కాంతం తిప్పేవారు. ఒక పెళ్ళిలో జీలకర్రా బెల్లం కిరసనాయిలు వాసన కొడుతోందని మగపెళ్ళివారు అలిగితే, "కాపురం జిడ్డు పట్టకుండా సాగుతుందండీ!" అని ఈయనే సర్దిచెప్పారు.

ఇంతకీ మా చెల్లి ఇందుజ సంగతి. యూనివర్సిటీ సైక్లింగ్ జట్టు సెలక్షన్ ఆదివారం తాడేపల్లిగూడెంలో. దానికిది ఆఖరి ఏడాది, ఇప్పుడు తప్పితే మళ్ళీ లేదు. బండి ఏరి కొనిపెట్టింది పంతులుగారే, తన బండి లాంటిదే. సరిగ్గా శుక్రవారం దాని కుడి లీవరు ఊగిపోతోంది, తోస్తే గేరు పడట్లేదు.

"పాత గ్రీజు గట్టిపడిపోయిందమ్మా. కిరసనాయిలుతో కడిగి, కుట్టుమిషను నూనె వేస్తే సరి. గంట పని," అన్నారాయన, అప్పటికే విప్పేస్తూ.

గంటలోనే అయిపోయేది. మధ్యలో నేనున్నాను కదా! ఆయన కాళ్ళు కడుక్కోవడానికి లేచినప్పుడు, నా పెన్నులోని స్ప్రింగు తీసి శని గిన్నెలో వేశాను. ఐదు నిమిషాలు నవ్వుకుందామనే.

లీవరు బిగించారు. టక్ టక్‌మని గేర్లు పడుతున్నాయి. పళ్ళెం వైపు చూశారు.

"అరెరే, ఒకటి మిగిలిందే!"

మళ్ళీ విప్పారు. సాయంత్రానికి బిగించారు. మళ్ళీ మిగిలింది. శనివారం పొద్దున్నే మళ్ళీ విప్పారు. నాకు నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. చెప్తే చెల్లి చంపేస్తుంది, చెప్పకపోతే దాని సెలక్షన్ పోతుంది.

"పంతులుగారూ, రేపేనండీ!" అంది ఇందుజ.

"ఒక్క స్ప్రింగే కదమ్మా. ఇదొక్కటీ చూసి బిగించేద్దాం."

"ఏవండీ, పిల్లని ఏడిపించకండి!" లోపల్నుంచి సుబ్బలక్ష్మి గారు.

ఆదివారం తెల్లవారగానే బండి మా గుమ్మంలో ఉంది. ఇందుజ చక్రం ఎత్తి పట్టుకుని, పెడలు తిప్పుతూ, లీవరు తోసింది. వెన్నలో చాకు దిగినట్టు గేర్లు పడ్డాయి. అది ఎగిరి గంతేసి, బండితో సహా వ్యానెక్కి గూడెం వెళ్ళిపోయింది.

నాకు మాత్రం మనసు ఒప్పలేదు. తొమ్మిదింటికి పంతులుగారు కలిదిండిలో సాయంత్రం గృహప్రవేశం చేయించాలని సంచి సైకిలుకి కడుతుంటే, వెళ్ళి నిజం చెప్పేశాను.

"పెన్ను స్ప్రింగని నాకు తెలీదనుకున్నావుట్రా, దత్తుడూ? రోజూ లగ్నపత్రికలు రాసేవాణ్ణి!"

"తెలిసీ ఇంకో రెండుసార్లు విప్పారా?"

"లోపల చిన్న కొక్కెం అరిగిపోయిందిరా. పదిసార్లు తోస్తే ఒకసారి గేరు జారుతోంది. సానబట్టి చూశాను, లాభం లేదు. కొత్తది ఇంత తొందరగా ఎక్కడ దొరుకుతుంది?"

అప్పుడు చూశాను. ఆయన బండి కుడి లీవరు చచ్చిన చేపలా వేలాడుతోంది.

"మీ కొక్కెం తీసి దాని బండికి పెట్టేశారా!"

"అరవకు. తెలిస్తే ఆ పిల్ల పుచ్చుకోదు. నీ స్ప్రింగు పుణ్యమా అని, విప్పడానికి వంక దొరికింది."

సుబ్బలక్ష్మి గారు మంచినీళ్ళ సీసా సంచిలో పెడుతూ అందుకున్నారు. "ఇలా తన సామాను తీసి పెట్టడం ఇది నాలుగో బండికి నాయనా. పాడైందని చెప్పడానికి పిల్లలు మొహమాటపడతారట. అందుకే ఈయనే మీదపడి విప్పి చూస్తారు."

"నువ్వు ఊరుకోవే," అని ఆయన పెడలు తొక్కుతూ వెళ్ళిపోయారు.

పదిన్నరకి ఇందుజ ఫోను. "అన్నయ్యా, సెలక్టయ్యాను! పంతులుగారికి చెప్పు, ముందు ఆయనకి చెప్పు!"

ఫోను చేస్తే ఆయన ఎత్తలేదు. స్కూటరేసుకుని, కలిదిండి వెళ్ళే కైకలూరు రోడ్డున పడ్డాను. కొల్లేరు మధ్యలో దొరికారు. రెండువైపులా నీళ్ళు, ఎదురుగాలి మొహాన కొడుతోంది. పిలక జెండాలా ఎగురుతుంటే, ఆయన సీటు మీంచి లేచి నిలబడి తొక్కుతున్నారు.

"సెలక్టయిందండీ!" అరిచాను.

ఆయన రెండు చేతులూ గాల్లోకి ఎత్తబోయి, బండి వంకర తిరగడంతో గబుక్కున హ్యాండిలు పట్టుకున్నారు. "శుభం! శుభం!"

"స్కూటరెక్కండి, దింపేస్తాను."

"మరి దీన్నెవరు తొక్కుతారు, నీ తాతా?"

అందుకని స్కూటరు ఆయన ముందుకి తీసుకెళ్ళాను. గాలంతా నాకే తగిలేలా వీపు నిటారుగా పెట్టి, నెమ్మదిగా నడిపాను. వెనకనుంచి ఒకటే కేక:

"ఒరేయ్, ఇంకా నెమ్మదిగారా! ఒక్క గేరు మీద నడుస్తున్న బ్రాహ్మణ్ణి!"