ఆయన లేని పూట వచ్చిన ఇంజను

రోడ్డు పట్టాలను దాటే చోట ఇరవై ఏళ్ళకు పైగా గేటు వేసి తీసిన మనిషి కాబట్టి అందరూ ఆయన్ని గేటాయన అనేవారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు జీతమిచ్చే చోట తప్ప ఇంకెక్కడా వినిపించేది కాదు. పట్టాల పక్కనే రెండు గదుల ఇల్లు, ఇంటి ముందు గేటు తిప్పే చక్రం, లోపలి గోడకు ఒక టెలిఫోను. అదే ఆయన రాజ్యం.

అది బ్రాంచి లైను. పొద్దునొకటి, సాయంత్రమొకటి చిన్న పాసింజర్లు, మధ్యలో కలపో బొగ్గో మోసుకొచ్చే గూడ్సు. అన్నిటినీ లాగేది ఒకే రకం పొట్టి ఇంజను. గేటాయన దాన్ని కుంపటి అనేవాడు. అది వస్తుంటే పచ్చజెండా చూపించేవాడు గానీ, పడని చుట్టం ఎదురైనట్టు ముఖం కాస్త పక్కకు తిప్పుకునేవాడు.

కారణం లేకపోలేదు. పెళ్ళికి ముందు ఆయన జంక్షనులోని పెద్ద షెడ్డులో క్లీనరుగా పనిచేశాడు. ఎక్స్‌ప్రెస్‌ రైళ్ళు లాగే పెద్ద ఇంజన్లను నూనె గుడ్డతో తుడిచే పని. వాటిలో ఒకదాని మీద ఆయనకు ప్రాణం. ముదురాకుపచ్చ రంగు, మనిషి ఎత్తు చక్రాలు, పొగగొట్టం చుట్టూ ఇత్తడి పట్టీ. ఆ పట్టీని ఎంతలా తోమేవాడంటే షెడ్డులో వాళ్ళు ఆయనకు మెరుపు అని పేరు పెట్టారు. క్లీనరు కొన్నాళ్ళకు ఇంజనులో బొగ్గు వేసే ఫైర్‌మన్ అవుతాడు, ఫైర్‌మన్ డ్రైవరవుతాడు. గేటాయన మాత్రం మొదటి మెట్టు మీద నుంచే దిగిపోయి ఈ గేటు దగ్గర తేలాడు. బొగ్గు పొగ ఛాతీకి పడలేదని ఇంట్లో చెప్పాడు.

ఆ పెద్ద ఇంజను జంక్షనుకూ రేవుపట్నానికీ మధ్య పెద్ద లైను మీదే తిరిగేది. ఈ బ్రాంచి ముఖం చూడాల్సిన అవసరం దానికి ఏనాడూ రాలేదు. అయినా ఆయన ఏ మాట మొదలుపెట్టినా అక్కడికే తీసుకొచ్చేవాడు. భార్య విని విని, "మీ పెద్దావిడ సంగతి అయ్యాక చెప్పండి, టీ పెడతా" అనేది. ఆ పెద్దావిడ ఎవరని కొత్తవాళ్ళు అడిగితే, "నా సవతి. జంక్షనులో కాపురం" అని నవ్వకుండా చెప్పేది.

ఒకసారి ఆయనకు దవడ వాచింది. పన్ను పీకించుకోక తప్పదని పొద్దున్నే టౌనుకు బస్సెక్కుతూ గేటు భార్యకు అప్పగించాడు. ఆమెకు అది కొత్త కాదు. ఆయనకు జ్వరం వచ్చినప్పుడల్లా స్టేషను మాస్టరుకు చెప్పి ఆమే గేటు చూసుకునేది.

ఆయన పళ్ళ డాక్టరు ముందు నోరు తెరుచుకు కూర్చున్న వేళకు ఇక్కడ టెలిఫోను మోగింది.

"పెద్ద లైను మీద గూడ్సు పట్టాలు తప్పిందమ్మా" అన్నాడు స్టేషను మాస్టరు. "ఎక్స్‌ప్రెస్‌ని మన వైపు తిప్పారు. దాని ఇంజనుతోటే వస్తోంది. మన పట్టాలు దాని బరువుకు సరిపోవు కదా, మెల్లగా నడిపిస్తున్నారు. గేటు వేసేసి ఉంచు."

ఆమె గేటు వేసి జెండా పట్టుకుని నిలబడింది. మొదట ఇంట్లో గిన్నెలు కదిలాయి. తరవాత చెట్ల మీదుగా పొగ కనిపించింది. ఆ వెనకే వచ్చింది అది, కొత్తింటికి వచ్చిన పెద్దమనిషిలా ఆచితూచి అడుగేస్తూ. ముందున్న స్టేషనులో కుంపటి తన గూడ్సుతో దారికి అడ్డంగా ఉంది. సిగ్నలు పడలేదు. పెద్ద ఇంజను సరిగ్గా ఆమె గుమ్మానికి ఎదురుగా ఆగిపోయింది.

లావుపాటి డ్రైవరు ఒకాయన ఆపసోపాలు పడుతూ కిందికి దిగాడు.

"అమ్మా, కాసిని మంచినీళ్ళిస్తావా?"

ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది. "ఇది జంక్షను షెడ్డుదేనా అండీ? మా ఆయన ఒకప్పుడు అక్కడే పనిచేశారు" అంది.

ఎవరని డ్రైవరు అడిగాడు. ఆమె భర్త పేరు చెప్పింది. డ్రైవరు తాగుతున్న నీళ్ళు ఆపేశాడు.

"మెరుపా? వాడు ఇక్కడున్నాడా? మేమిద్దరం ఒకే గుడ్డ చింపుకుని ఇంజన్లు తుడిచినవాళ్ళం. నన్ను బక్కోడు అనేవాడు. ఏడీ వాడు?"

"పన్ను పీకించుకోడానికి వెళ్ళారు."

"ఇవాళేనా" అని డ్రైవరు నుదురు కొట్టుకున్నాడు.

సిగ్నలు కోసం ఎదురుచూస్తూ వాళ్ళు చాలాసేపు మాట్లాడుకున్నారు. చివరికి డ్రైవరు, "వాడి బదులు నువ్వయినా ఎక్కి చూడమ్మా" అన్నాడు. ఆమె చీర చెంగు దోపుకుని నిచ్చెన మెట్లెక్కింది. లోపల నిప్పులు చూసింది, ఏదో ఇనప పిడి తగిలి మణికట్టు దగ్గర కాస్త కాల్చుకుంది, గొలుసు లాగి కూత వేసింది. సిగ్నలు పడ్డాక దిగొచ్చింది. రైలు వెళ్ళిపోయింది.

గేటాయన మధ్యాహ్నం బస్సులో తిరిగొస్తున్నాడు. బుగ్గలో దూది, దాని మీద మొద్దుబారిన నాలుక. కండక్టరు టికెట్టు కొడుతూ, "మీ ఆవిడ ఎక్స్‌ప్రెస్‌ ఇంజను ఎక్కి కూతేసిందటగా. రోడ్డంతా అదే మాట" అన్నాడు.

గేటాయన ఏదో అనబోయాడు. నోట్లోంచి మాట బదులు కాస్త నెత్తురు వచ్చింది.

ఇంటికి వచ్చేసరికి భార్య గుమ్మంలోనే ఉంది. చెంపన మసి మరక ఉంది. కడుక్కోలేదా, కావాలనే ఉంచుకుందా అని ఆయనకు అనుమానం. ఆమె సంతోషం పట్టలేక అంతా ఒక్క ఊపులో చెప్పేసింది. ఆయన చెయ్యెత్తి నోరు చూపించాడు, మాట్లాడలేనన్నట్టు. నిజానికి వినలేకపోయాడు. వెనక్కి తిరిగి పట్టాల దగ్గరికి వెళ్ళాడు. పట్టాల మధ్య నీళ్ళు కారిన తడి, ఒక పక్కన బూడిద, కాలిన బొగ్గు ముక్కలు. ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. చల్లారిపోయి ఉంది.

అన్నేళ్ళు ఆ గేటు దగ్గర కూర్చున్నది తను. ఎండనకా వాననకా జెండా పట్టింది తను. తను లేని ఒక్క పూట చూసుకుని వచ్చిందది. ఎప్పుడూ గేటు పక్కన పడుకునే కుక్క ఆ పూటా అక్కడే పడుకుని చూసుంటుందని తట్టింది. ఆ కుక్కను చూసినా ఆయనకు కడుపు మండింది.

మర్నాటి నుంచి జనం రావడం మొదలైంది. ఎదురు దుకాణామె రోజుకోసారి వచ్చి చెప్పించుకునేది. సిగ్నళ్ళు బాగుచేసే మేస్త్రీ, ఇన్నాళ్ళూ గేటాయన పక్కన కూర్చుని ఇంజన్ల కబుర్లు వినేవాడు కాస్తా, ఇప్పుడు నేరుగా లోపలికి వెళ్ళి, "అక్కా, నిప్పులు ఎలా ఉన్నాయి?" అని అడిగేవాడు. తన ఇంట్లో, తన ఇంజను గురించి, తన ముందే. గేటాయన కుర్చీలో అటు తిరిగి కూర్చుని ఒక్కో మాటకూ లోలోపల కుళ్ళిపోయేవాడు.

ఒక రోజు భార్య దుకాణామెకు చెబుతుంటే ఉండబట్టలేక లేచాడు.

"చక్రాలు ఎన్ని ఉన్నాయి?"

"ఏ చక్రాలు?"

"పెద్ద చక్రాలు. ఒక పక్కన ఎన్ని?"

"లెక్కపెట్టడానికి ఎక్కలేదు నేను."

"పొగగొట్టం చుట్టూ పట్టీ ఉందా? ఏ రంగు?"

"మసిగా ఉందండీ అంతా. నేను లోపలున్నా."

"అయితే అది కాదు" అన్నాడు గేటాయన, దుకాణామె వైపు తిరిగి. "ఆ షెడ్డులో అలాంటివి చాలా ఉంటాయి. ఏదో రెండో రకంది వచ్చుంటుంది. ఈవిడకు ఏది చూసినా ఒకటే."

ఆమె మణికట్టు మీది కాలిన మచ్చను కొంగుతో కప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తరవాత ఎవరడిగినా, "ఏదో వచ్చింది, పోయింది" అనేది. ఇంట్లో ముక్తసరి మాటలే మిగిలాయి. గెలిచానని ఆయనకు అనిపించాలి. అనిపించలేదు. ఆమె చెప్పడం మానేశాక ఆ ఇంజను పూర్తిగా ఆమె సొంతమైపోయినట్టుంది. ఇప్పుడది ఆమె లోపలెక్కడో ఉంది, ఆయన చెయ్యి అందదు.

ఇంజను వచ్చిపోయి అలా మూడు వారాలు గడిచాయి. తిండీ పడకా ఆయనకు గేటు పక్కనే అయ్యాయి. పెద్ద లైను బాగైంది, ఎక్స్‌ప్రెస్‌లు తమ దారిన తిరుగుతున్నాయి. గేటాయన సెలవు పెట్టి జంక్షనుకు బయల్దేరాడు. వచ్చింది ఆ ఇంజను కాదని షెడ్డువాళ్ళ నోటితోనే వినాలని.

షెడ్డు గుమ్మంలోనే బక్కోడు దొరికాడు, మూడింతల మనిషై. కావలించుకుని, "ఒరే మెరుపూ, పన్ను కోసం పెద్ద ఇంజనునే వదులుకున్నావు కదరా" అని పగలబడి నవ్వాడు. గేటాయనకు ఒళ్ళు మండింది. ఇద్దరూ ఒకే గుడ్డతో మొదలుపెట్టారు. వీడి చేతులకు డ్రైవరు చేతుల గట్టి కాయలు, వీడి టోపీకి డ్రైవరు బిళ్ళ.

"ఆ రోజు వచ్చింది ఏదిరా?" అని అడిగాడు.

"అదేరా, నీదే. రా, సాయంత్రం బండికి నీళ్ళు పడుతున్నారు."

నిజంగా అదే. చక్రాలు అవే, పట్టీ అదే, దాని మీద తోమకుండా వదిలేసిన మసి. బక్కోడు ఆయన్ని ఎక్కించాడు, నిప్పులు చూపించాడు, గొలుసు చేతికిచ్చాడు. ఆయన లాగాడు. కూత షెడ్డంతా నిండింది. అక్కడ ఒక్కరూ తలెత్తి చూడలేదు. నిమిషానికో ఇంజను కూసే చోట ఎవరు చూస్తారు? ఆమె చేతిలో పడ్డ ప్రతిదీ ఆయనకూ దొరికింది. అయినా గుండెలో ముల్లు కదల్లేదు. ఇక్కడ దీన్ని ఎవరైనా చూస్తారు. దాని దారి కాని దారిలో, తన గుమ్మం ముందు, పొట్టి ఇంజన్లు తిరిగే పట్టాల మీద చూసింది ఆమె.

దిగుతుంటే బక్కోడు అడిగాడు. "కళ్ళెలా ఉన్నాయిరా ఇప్పుడు? ఆ రోజు మీ ఆవిడని అడిగితే తెల్లమొహం వేసింది."

గేటాయన మెట్టు మీదే ఆగిపోయాడు. "నువ్వేం చెప్పావు?"

"ఉన్నదే చెప్పా. ఫైర్‌మన్ పనికి పెట్టిన కళ్ళ పరీక్షలో అక్షరాల పలక నీ చూపుకు ఆనలేదని. నేను వెనక నుంచి అందిస్తుంటే కూడా తప్పు చదివావని. ఏం, ఆవిడకు తెలీదా?"

తిరుగు బస్సులో గేటాయన జరిగిందంతా లెక్క చూసుకున్నాడు. మూడు వారాలుగా దుకాణామె ముందు, మేస్త్రీ ముందు భార్యను ఏమీ తెలియనిదాన్ని చేశాడు. ఆమె ఒక్క మాట అంటే చాలు, ఆయన పరువు రోడ్డున పడేది. అనలేదు.

ఇంటికి చేరేసరికి ఆమె వంట చేస్తోంది. గుమ్మంలో అడుగుపెట్టి ఆయన పొగ వాసన పట్టాడు. పొయ్యి లోపలి గదిలో ఉంది. వెనక రేకు కింద ఉండాల్సిన పొయ్యి.

"ఇది లోపలికి ఎప్పుడు వచ్చింది?"

"మూడు వారాలైంది" అంది ఆమె గరిటె ఆపకుండా. "పొగ మీ ఛాతీకి పడదన్నారని ఇన్నేళ్ళు వానొచ్చినా చలేసినా బయట కూర్చుని వండా. పడనిది ఛాతీకి కాదని తెలిశాక లోపలికి తెచ్చుకున్నా."

ఆయన చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

"నన్ను అడగొచ్చుగా."

"మీరే చెబుతారని చూశా. మీరు చక్రాలు లెక్కపెట్టుకుంటున్నారు."

ఆయన పీట లాక్కుని పొయ్యి పక్కన కూర్చున్నాడు. పొగ కళ్ళలోకి వచ్చింది, ఛాతీ మాత్రం హాయిగానే ఉంది.

"అది అదే ఇంజను" అన్నాడు. "ఇవాళ నేనూ ఎక్కా. కూత వేశా."

"ఎలా ఉంది?"

"అక్కడ ఎవరూ పట్టించుకోలేదు."

"ఇక్కడ దుకాణామె బయటికి పరిగెత్తుకొచ్చింది. బడి పిల్లలంతా గోడెక్కారు" అంది ఆమె. ఆ మాట ఆయనకు మళ్ళీ గుచ్చుకుంది. గుచ్చుకుందని ఆమెకు తెలిసింది. ఈసారి ఆమె నవ్వు ఆపుకోలేదు.

"సరే, మొదట్నించీ చెప్పు" అన్నాడాయన.

ఆమె చెప్పింది. ఆయన ఒక్కచోట కూడా దిద్దలేదు. రెండుసార్లు నోరు తెరిచాడు, రెండుసార్లూ మూసుకున్నాడు.

పెద్ద ఇంజను ఆ దారిన మళ్ళీ రాలేదు. గేటు దగ్గర ఎవరైనా కాసేపు ఆగి కబుర్లలోకి దిగితే గేటాయనే, "ఎక్స్‌ప్రెస్‌ ఇంజను ఇక్కడికొచ్చింది తెలుసా? మా ఆవిడని అడగండి" అనేవాడు. ఆమె మొదలుపెట్టేది. మంచినీళ్ళు అడిగిన చోటు దాకా ఆయన కుదురుగా వినేవాడు. డ్రైవరు ఆమెను పైకి ఎక్కమన్న చోటికి వచ్చేసరికి మాత్రం లేచి, గేటు చూసొస్తానంటూ అటు నడిచేవాడు. వచ్చే రైలేదీ ఉండేది కాదు. ఆమె ఆయన్ని పిలిచేది కాదు. గొంతు కాస్త పెంచి, గేటు దాకా వినపడేలా చెప్పేది.