పోయొస్తాననే మాటకు ఇంగ్లీషు

భయపడడంలో నన్ను మించినవాళ్ళు మా గుడియాత్తం వీధిలో లేరు. బల్లి పలికితే భయం, తంతి తెచ్చే పోస్టు మనిషి సైకిలు గంట మోగితే భయం. అలాంటిదాన్ని, తెలుగు జిల్లాలు విడిపోయి వేరే రాష్ట్రమైన రోజుల్లో వేలూరులో ఒక బడిలో తెలుగు సెక్షను టీచరుగా ఉన్నాను. సెక్షను ఎత్తేస్తారని పూటకో పుకారు. మీరింక మీ రాష్ట్రానికి ఎప్పుడు పోతారని తోటి టీచర్లు నవ్వుతూనే అడిగేవాళ్ళు. తరతరాలుగా మేమున్నది ఇక్కడే. ఎక్కడికి పోవాలో వాళ్ళే చెబితే బాగుండేది.

నేను అద్దెకున్నది చీనా దేశం నుంచి వచ్చిన ఒక పళ్ళ డాక్టరు ఇంటి మేడ మీద. వాకిట్లో రెండు వరసల పళ్ళ బొమ్మ వేసిన బోర్డు ఉండేది. చీకటి పడితే అది చూసినా నాకు భయమే. ఆయనకు రోగులతో సరిపడా ఇంగ్లీషు వచ్చు. ఆయన భార్యకు మాత్రం అంగడి అరవం తప్ప ఇంకేదీ రాదు. తనకూ ఇంగ్లీషు నేర్పమని నన్ను అడిగింది. ఈ దేశంలో ఉండడానికి వాళ్ళ కాయితాలు కొత్తవి కావాలి. అందుకు మొగుడు మద్రాసు వెళ్ళాలి, తర్వాత తనను పిలిచినా పిలుస్తారు. జవాబు సరిగ్గా చెప్పకపోతే ఓడ ఎక్కించేస్తారేమోనని ఆమెకు నిద్ర పట్టేది కాదు. ఆ ఇంట్లో అలా ఇద్దరు పిరికివాళ్ళం చేరాం.

ఒకరోజు 'గుడ్ బై' నేర్పాను. ఊరికే అప్పజెప్పే మనిషి కాదు ఆమె. ఎప్పుడనాలి, ఎవరితో అనాలి అని వేధించేది. కూరగాయల మనిషితో అనొచ్చా, రేపు మళ్ళీ వచ్చేవాళ్ళతోనూ ఇదేనా అంది. అవునన్నాను. అయితే ఇక ఎప్పటికీ రానివాళ్ళతో ఏమంటారు అని అడిగింది. వాళ్ళతోనూ ఇదేనన్నాను. ఆమె మొహం పాలిపోయింది.

గుడియాత్తం నుంచి వచ్చిన మా అమ్మ పక్కన కూర్చుని తమలపాకులు తుడుస్తోంది. సంగతేమిటని అడిగి తెలుసుకుని నా మీద విరుచుకుపడింది. "ఏం పాఠమే ఇది? ఇల్లు కదిలే మనిషి పోతా అనకూడదు, పొయ్యొస్తా అనల్ల. ఆ యమ్మ మొగుడు తిరిగొచ్చేదే గండంగా ఉండాది, నువ్వేమో ఈ మాట నేర్పిస్తాండావు."

అమ్మ అన్నది అరవంలో చెప్పి చూశాను. చీనా అమ్మ నవ్వలేదు. తమ భాషలోనూ విడిపోయేటప్పుడు మళ్ళీ చూద్దామనే అంటారట. "ఇంగ్లీషువాళ్ళకు తిరిగి రావాలని ఉండదా?" అని అడిగింది. వాళ్ళకూ 'సీ యూ' అని ఒకటుందన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. చూడడం చాలదు, మాటలో రావడం ఉండాలంది. చివరికి ముగ్గురం కలిసి 'ఐ గో అండ్ కమ్' అని తయారు చేశాం. ఏ ఇన్‌స్పెక్టరైనా వింటే నా ఉద్యోగం ఊడేది. ఆమె మాత్రం దాన్ని మంత్రంలా పట్టుకుంది.

డాక్టరు ప్రయాణం రోజు జట్కాలో కాట్పాడి స్టేషనుకు వెళ్ళాం. రైలు కదలబోతుండగా ఆయన కిటికీలోంచి నాకేసి తల వంచి, మర్యాదగా, "గుడ్ బై, టీచర్" అన్నాడు. ఆమె రైలు వెంట పరుగెత్తుతూ, "గో అండ్ కమ్ అను, అను" అని అరిచింది. ఆయనకు అర్థమైనట్టు లేదు. చెయ్యి ఊపుతూనే వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. వాకిట్లో సైకిలు గంట మోగితే ఆమె లోపలికి, నేను మేడ మీదికి పారిపోయేవాళ్ళం. ఉన్నచోట ఉండనిస్తారా లేదా అన్న బెంగ నాదీ, ఆమెదీ ఒకటే అయిపోయింది.

ఆయన వచ్చాడు. మధ్యాహ్నం పూట జట్కా దిగాడు. భార్య అరిచిన మాట రైలు మలుపు తిరిగాక తనకు అర్థమైందనీ, అరక్కోణం దాకా పక్కవాళ్ళందరికీ 'గో అండ్ కమ్' అని చెబుతూ పోయాననీ నవ్వబోయాడు. నవ్వు రాలేదు. ఇక్కడ ఉండడానికి సర్కారువాళ్ళు ఒప్పుకోలేదట. భార్యను తీసుకుపోవడానికే వచ్చాడు.

మళ్ళీ అదే కాట్పాడి. ఈసారి కిటికీలో ఇద్దరు. నేనూ అమ్మా కింద నిలబడ్డాం. "పొయ్యొస్తా అని చెప్పు తల్లీ" అని అమ్మ బతిమాలింది. ఆ ఒక్క మాటను అరవంలో చెప్పక్కర్లేదు, ఆమెకు తెలుసు. నా చెయ్యి పట్టుకుని, నేను నేర్పినట్టే, ఒక్క తప్పు లేకుండా అంది.

"గుడ్ బై."

ఇక తిరిగి రానివాళ్ళు ఏ మాట అంటారో ఆమె నన్ను అడిగే తెలుసుకుంది. నేనూ గుడ్ బై అని బదులు చెబితే అంతటితో ఆమె రాదని ఒప్పుకున్నట్టేనని నాకు భయం వేసింది. అందుకే చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.