అందరి నిద్ర గురించి అడిగిన అమ్మ

వినాయక చవితి ముందు రోజు శాలిబండలో పత్రి అమ్మే ఆమె మాచిపత్రి కట్ట నా సంచిలో వేయబోతూ రెండు ఆకులు నలిపి నా ముక్కు దగ్గర పెట్టింది. "వాసన జూడమ్మా, ఎంత తాజాగున్నదో" అంది. ఆ ఘాటు తగలగానే నాకు అసూయ పుట్టింది. పండగ పూట భక్తి పుట్టాలి. నాకు మాత్రం ఈ వయసులో కూడా ఆ వాసన వస్తే, ఎవరో మా అమ్మను నా పక్కనుంచి లేపుకుపోతున్నట్టే ఉంటుంది. ఆ జాతి ఆకునే ఎండబెట్టి, దూదిలా నలిపి, చిన్న ఉండలుగా కాల్చి అమ్మ తన రోగుల కాళ్లకు సెగ చూపేది. ఇంట్లో అన్నం వాసన కంటే ఆ పొగ వాసనే ఎక్కువ.

అమ్మ పేరు డాక్టర్ సుభద్ర. ఆయుర్వేదం చదివిన మనిషి. నేను మూడో తరగతిలో ఉండగా కొరియా వెళ్లి అక్కడి సంప్రదాయ వైద్యం నేర్చుకుని, నేను ఐదో తరగతికి వచ్చాక తిరిగొచ్చింది. ఆ మధ్యకాలం నన్ను అమ్మమ్మ సాకింది. వచ్చీరాగానే అమ్మ యాకుత్‌పురాలోని మా ఇంటి ముందుగదిని దవాఖానా చేసింది. నిద్ర పట్టనివాళ్లు, ఏ కారణమూ లేకుండా గుండె దడదడలాడేవాళ్లు ఎక్కువగా వచ్చేవాళ్లు. "మనసుకు గుండె ఇల్లు" అని వాళ్లకు చెప్పేది. "పగలంత తిరిగిన మనసు రాత్రికి ఆ ఇంట్ల పండుకోవాలె. ఇల్లు మండుతున్నా పండుకోదు, ఇల్లు బోసిగున్నా పండుకోదు." అతిగా ఆలోచించేవాళ్లకు ప్లీహం అలిసిపోతుందని, పిత్తాశయం బలహీనపడితే తలుపు చప్పుడుకే ఉలిక్కిపడతారని ఆ వైద్యంలో చెబుతారట. అన్నిటికంటే ఆమె ఎక్కువగా చెప్పింది మింగేసిన కోపం గురించి. బయటికి రాని కోపం ఏళ్లతరబడి ఛాతీలో కుంపటిలా రాజుకుంటుంది. కొరియావాళ్లు దానికి హ్వాబ్యుంగ్ అని పేరే పెట్టారు. నిప్పు జబ్బు అన్నమాట. ఒంటికి గుచ్చే సన్నని సూదులైనా, కషాయమైనా, పొగ సెగ అయినా ఆ నిప్పును కిందికి దించడానికే. తన చేతిలో నయం కాదనుకున్నవాళ్లను పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి పంపేది.

ముందుగదికీ మా వంటింటికీ నడుమ ఒక పరదా ఉండేది, అంతే. నేను అవతల కూర్చుని లెక్కలు చేసుకుంటూ అంతా వినేదాన్ని. రహీమా బీ అని జర్దోజీ కుట్టుపని చేసే ఒకావిడ వారం వారం వచ్చేది. "నీంద్‌ఇచ్ నై ఆతీ డాక్టరమ్మా" అని మొదలుపెట్టేది. నిద్రే రాదట. అమ్మ ఆమె మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి, ఆమె ఉర్దూలోనే, నేనెన్నడూ ఎరగని మెత్తని గొంతుతో అడిగేది. కళ్లు తెరవగానే ముందు ఎవరు గుర్తొస్తారు? గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఉంటుందా? మాటిమాటికి నిట్టూరుస్తావా? ఆమె ఏడిస్తే ఏడ్వనిచ్చేది. చెయ్యి వదిలేది కాదు.

నాకు దక్కే ప్రశ్నలు వేరు. "తిన్నవా? హోంవర్కయిందా? జడ ఎందుకు గట్లున్నది?" ఒకసారి బడిలో పాటల పోటీలో గెలిచి, కప్పు పట్టుకుని పరదా ఎత్తాను. "ఆగు సంధ్యా, పేషెంట్ ఉన్నది" అంది, తల తిప్పకుండా. ఆ రోజు రహీమా బీ చెప్పులను మురుగు మోరీలో పడేయాలనిపించింది. పడేయలేదు. వాటి పక్కనే కూర్చుని, నాకూ ఒక రోగం రావాలని దేవుడికి మొక్కుకున్నాను. జ్వరం కాదు. జ్వరానికి అమ్మ గోలీ ఇచ్చి దుప్పటి కప్పి వెళ్లిపోయేది. నాకు నిద్ర రాని రోగమే కావాలి.

ఆ రోగం నిజంగానే వచ్చింది, కానీ చాలా ఆలస్యంగా. అప్పటికి నాకు పెళ్లయింది, జల్‌పల్లిలో చిన్న ఇల్లు కట్టుకున్నాం, బ్యాంకులో ఉద్యోగం. పడుకుంటే ఛాతీలో వేడి, కాళ్లు చల్లగా, బస్సులో కునుకు. మా ఆయన "మీ అమ్మకు చూపించుకోరాదూ" అన్నాడు. కూతురిగా వెళ్తే మళ్లీ "తిన్నవా?" అంటుందని, ఫోన్ చేసి అందరిలాగే టైమ్ తీసుకున్నాను. పేరు పిలిచేదాకా బల్ల మీద కూర్చున్నాను.

లోపలికి వెళ్తే అమ్మ నన్ను ఒక్క క్షణం చూసింది. "కూసో" అంది. మణికట్టు మీద వేళ్లు పెట్టి అడగడం మొదలుపెట్టింది. ఎప్పటి సంది? ఛాతీల మంటనా, బరువా? నిద్రల లేస్తే ముందుగాల ఏం యాదికొస్తది? అదే గొంతు. రహీమా బీ కోసమే దాచిన గొంతు అనుకునేదాన్ని దాన్ని. చివరికి, "ఎవరి మీద కోపం మింగినవ్?" అంది.

"నీ మీదనే అమ్మా" అన్నాను. "నువ్వు వీళ్లందరి మనిషివైనవ్. నాకు మిగల్లేదు."

ఆమె వేళ్లు నా మణికట్టు మీద అటూ ఇటూ జరిగాయి. కాసేపటికి చెయ్యి తీసేసింది. "నాకు నీ నాడి దొరుకుత లేదు బిడ్డా" అంది. లేచి పక్కగదిలోకి తీసుకెళ్లి తన శిష్యురాలు నస్రీన్ ముందు కూర్చోబెట్టింది. "ఈమెను నువ్వు చూడు. నాతోని కాదు" అని, నా హ్యాండ్‌బ్యాగ్ ఒళ్లో పెట్టుకుని బయట బల్ల మీద కూర్చుంది. నస్రీన్ సూదులు పెట్టి, పాదాలకు సెగ చూపి పంపేసరికి బయట ఎదురుచూస్తున్నవాళ్లు గొణుగుతున్నారు. అమ్మ ఒక్కరినీ లోపలికి పిలవలేదు. నా కోసం ఆమె ఎవరినైనా ఆపడం నేను చూసింది అదే మొదటిసారి.

నిద్ర మెల్లగా దారికొచ్చింది. ఆ రోజు సంగతి మాత్రం మేమిద్దరం మళ్లీ ఎత్తలేదు. అమ్మ "తిన్నవా?" అనేది, నేను "తిన్న" అనేదాన్ని.

అమ్మ పోయిన మూడో రోజు ఇల్లంతా ఆమె రోగులే. నాకంటే గట్టిగా ఏడుస్తున్నారు. ఉస్మాన్‌గంజ్‌లో పసుపు హోల్‌సేల్ చేసే ఒక ముసలాయన గోడకానుకుని, "మా అమ్మ పోయింది" అంటుంటే నాకు ఒళ్లు మండింది. ఎవరి అమ్మ? మంచినీళ్లు ఇవ్వబోతే ఆయన నా మొహంలోకి చూసి, "సంధ్యవు నువ్వేనా?" అన్నాడు.

"అవును."

"కొడుకుతోని మాటల్లేక నాకు నిద్ర పట్టకుంటే, డాక్టరమ్మ ఒక ముచ్చట చెప్పింది. 'నా బిడ్డ నా ముందల కూసొని, కోపం నీ మీదనే అన్నది సేఠ్. మస్తు ఏడ్చిన. కానీ బిడ్డ నాకు దూరమైనంక ఇన్నేళ్లకు ఆ రాత్రే నాకు నిండా నిద్ర పట్టింది. మీ కొడుకును గూడ అననీయుండ్రి' అన్నది."

నన్ను వదిలి కొరియా వెళ్లి దూరమైంది తను. అమ్మ లెక్కలో దూరమైంది నేను. ఇన్నేళ్లు ఆమెకూ నిద్ర లేదని నాకు తెలియదు. ఆమెను ఆ ప్రశ్నలు అడిగినవాళ్లెవరూ లేరు, నేను కూడా అడగలేదు. ఆ మాట నాకు చెప్పకుండా పసుపు సేఠ్‌కు చెప్పినందుకు ఇవాళ్టికీ నాకు ఆయన మీద కుళ్లే. అయినా పడుకునేముందు అదే మాట తలుచుకుంటాను. ఒక పరాయివాడి నోటినుంచి వచ్చినా, అది నా వంతు.